రోజుకో పేజీ డైరీ వద్దు, వారం కనిపించే పుస్తకం ఇవ్వండి

హైసియా అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సైబరాబాద్ ఐటీ కంపెనీల హెచ్‌ఆర్, అడ్మిన్ విభాగాల పెద్దలకు,

దసరా దాటిందంటే మీ ఆఫీసుల్లో కొత్త సంవత్సరం కానుకల ఫైలు కదులుతుంది. డైరీలు ఎన్ని కావాలి, అట్ట ఏ రంగు, లోగో ఎక్కడ వేయాలి, కొటేషన్లు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఇవన్నీ నవంబరుకల్లా తేలిపోతాయి. ఆ ఫైలు మీద సంతకం పడకముందే నా మాట మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం. ఒక్కో కంపెనీకి విడిగా రాయకుండా హైసియాకు రాయడానికి కారణం ఉంది. మూడు దశాబ్దాలకు పైగా హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలను ఒకచోట కూర్చోబెడుతున్న సంఘం మీది. మీరు ఒక మాట అంటే పది కంపెనీలు వింటాయి.

నేను మాదాపూర్‌లో టెస్ట్ లీడ్‌ని. 2007లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర టెస్టింగ్ టూల్స్ కోర్సు నేర్చుకుని, ఆ మరుసటి ఏడు ఈ ఐటీ కారిడార్‌లో అడుగుపెట్టాను. అప్పటి నుంచీ ఇక్కడే. నిజాంపేటలో మా ఇంటి బీరువా పై అరలో తొమ్మిది కంపెనీ డైరీలున్నాయి, నావీ మా ఆయనవీ కలిపి. అన్నీ గట్టి అట్టవే, రోజుకో పేజీవే. వాటిలో రెండింటిని మా అత్తమ్మ రామకోటి రాసుకోవడానికి తీసుకున్నారు. ఒకటి మా పాపకు లెక్కల రఫ్ పుస్తకం అయింది. మిగిలిన ఆరింటిలో జనవరి రెండో వారం దాటి నా చేతిరాత గానీ, ఆయన చేతిరాత గానీ లేదు. మంచి కాగితం, మంచి కుట్టు, తెల్లగా అలాగే పడి ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నేను అడిగేది ఒక్కటే. ఈసారి రోజుకో పేజీ డైరీ బదులు, వారమంతా రెండు పేజీల్లో ఎదురుగా కనిపించే పలచటి ప్లానర్ ఇవ్వండి. అది కూడా గేటు దగ్గరి సెక్యూరిటీ నుంచి పై అంతస్తు వరకు అందరికీ ఇవ్వగలిగినంత చవకలో.

ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖా అనిపించవచ్చు. నాకు ఇది చిన్న విషయం ఎందుకు కాదో చెబుతాను.

2023లో నేను వేరే కంపెనీలో ఉండేదాన్ని. దాని పేరుతో ఇక్కడ పని లేదు. మాది బ్యాంకు క్లయింటు ప్రాజెక్టు. ఓడీసీలోకి, అంటే ఆ క్లయింటు పని జరిగే ప్రత్యేక విభాగంలోకి, వెళ్లేముందు ఫోను లాకరులో పెట్టాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత మెయిలు తెరుచుకోదు. రోజుకు తొమ్మిది గంటలు నా కళ్లముందుండేది అవుట్‌లుక్ క్యాలెండర్ ఒక్కటే. దాంతో ఇంటి సంగతులు కూడా అందులోనే ఎక్కించడం అలవాటైంది. పాప స్కూలు ఫీజు గడువు, బండి ఇన్సూరెన్సు, చీటీ పాట, అన్నిటికన్నా ముఖ్యంగా అమ్మ కంటి సూది తేదీ. అమ్మకు షుగర్ వల్ల రెటీనా వాచి చూపు మసకబారుతుంటే ఇక్కడి కంటి ఆసుపత్రిలో నెలకోసారి కంట్లో సూది వేయించేవాళ్లం. హనుమకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. ప్రతిసారీ డాక్టరమ్మ చెప్పిన తేదీని అదే రోజు సాయంత్రం అవుట్‌లుక్‌లో పెట్టేదాన్ని.

ఒక గురువారం పదకొండు గంటలకు హెచ్‌ఆర్ నుంచి కాల్ వచ్చింది. పావుగంట మాట్లాడారు. పన్నెండుకల్లా నా లాగిన్ పనిచేయలేదు. ల్యాప్‌టాపు, బ్యాడ్జి అప్పగించి, లాకరులోంచి ఫోను తీసుకుని కిందికి వచ్చాను. ఉద్యోగం పోయిన దిగులులో ఆ క్యాలెండర్ సంగతే గుర్తు రాలేదు. నాలుగేళ్ల తేదీలు అందులోనే ఉండిపోయాయి. తరువాత అడిగాను, ఇవ్వడం కుదరదన్నారు. యంత్రం వాళ్లది, అందులో ఉన్న రాతా వాళ్లదే. రూలు అది, వాళ్లను తప్పుపట్టను. అమ్మ సూది ఆ నెల 9న అయితే నేను 24 అనుకున్నాను. ఆసుపత్రి చీటీ ఏ ఫైలులో పెట్టానో దొరకలేదు. రెండు వారాలు ఆలస్యంగా వెళ్తే, తగ్గిన వాపు మళ్లీ వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోనీ తియ్ బిడ్డా, నౌకరి పోయిన రందిల ఉన్నవ్, గివన్ని యాదికుంటయా" అంది.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఎందుకంటే ఆ తేదీ అమ్మ దగ్గర ఉండాల్సింది. ఉండేది కూడా. వద్దన్నది నేనే.

హనుమకొండలో మా వంటింటి తలుపు పక్కన వెంకట్రామా క్యాలెండర్ వేలాడుతుంటుంది, దాని మేకుకే దారంతో కట్టిన పెన్సిలు ముక్క. పాలు రాని రోజు గడిలో సున్నా. అరలీటరు ఎక్కువ తీసుకుంటే ఒక అడ్డగీత. గ్యాసు వచ్చిన రోజు "బండ". చీటీ కట్టిన రోజు ఎంత కట్టిందో అంకె. ఎవరింట్లో పెళ్లికి ఎంత చదివించిందో కూడా ఆ గడిలో ఓ మూల. నెలాఖరుకు పాలవాడు గుమ్మంలోకి వస్తే అమ్మ సున్నాలు లెక్కపెట్టి డబ్బులిచ్చేది, వాడు ఎన్నడూ కాదనలేదు. తిథి, వర్జ్యం, రాహుకాలం అచ్చులో ఉండేవి, ఇంటి సంసారం పెన్సిల్‌తో ఉండేది, రెండూ ఒకే గడిలో. మొదటి సూది తేదీ కూడా అమ్మ ఆ గడిలోనే రాసుకోబోయింది. "ఎందుకమ్మా, నా కంప్యూటర్‌లో ఉంది, నేను చూసుకుంటా" అని ఆపాను. పెన్సిలు వదిలేసింది.

అప్పటి నుంచి నా తేదీలు కాగితం మీదే ఉండాలని నిర్ణయించుకున్నాను. ఫోనులో క్యాలెండర్ వాడుతూనే ఉన్నాను, అది మోగుతుంది, మంచిదే. కానీ ఫోను లాకరులో ఉన్నంతసేపూ అది లేనట్టే. పైగా అది నేను రాసిందల్లా నాకొక్కదానికే చూపిస్తుంది. భోజనాల బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకాన్ని అత్తమ్మ చూస్తారు, ఆయన చూస్తారు, పాప తన పరీక్ష తేదీ తానే రాస్తుంది.

నెల గడి మాకు చాలదు, రోజుకో పేజీ మరీ ఎక్కువ. మా పని తిరిగేదే వారం లెక్కన. టైమ్‌షీటు శుక్రవారం. షిఫ్టు రోస్టరు వారానికి. ఆన్‌కాల్ వారానికొకరు. స్ప్రింటు అంటే రెండు వారాలు. ఇంట్లో కూరగాయలు వారానికోసారి, పాప డ్యాన్సు క్లాసు వారానికి రెండుసార్లు. ఈ రెండు వారాలు, అంటే ఆఫీసు వారమూ ఇంటి వారమూ, ఒకే పేజీ మీద పక్కపక్కన కనబడితేనే తెలుస్తుంది, నేను ఆన్‌కాల్ ఉన్న వారంలోనే ఆయనకు రాత్రి షిఫ్టు పడిందని. రోజుకో పేజీ డైరీలో అది ఎప్పటికీ కనిపించదు. బుధవారం తెరిస్తే గురువారం పేజీ వెనక దాక్కుంటుంది.

సరే, కొందామని బయల్దేరాను. ఇక్కడి మాల్‌లో పుస్తకాల షాపులో చూస్తే వారపు ప్లానర్లు 600 నుంచి 1,200 దాకా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో 399కి ఒకటి తెప్పించాను. కోఠీలో తిరిగాను, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ అంతా చూశాను. ధర ఎక్కువ అన్నది ఒక్కటే ఇబ్బంది అయితే ఎక్కడో ఒకచోట సర్దుకునేదాన్ని. కానీ వాటిని గీసినవాళ్లకు మన వారం తెలియదు.

మొదటిది, శని ఆదివారాలు. దాదాపు ప్రతి ప్లానర్‌లోనూ సోమవారం నుంచి శుక్రవారం వరకు ఒక్కో రోజుకు పెద్ద గడి, శనికీ ఆదివారానికీ కలిపి ఒక్క గడి. అదేదో ఊరికి వెళ్లి విశ్రాంతి తీసుకునేవాళ్ల లెక్క. మాకు ప్రొడక్షన్ రిలీజు శనివారం రాత్రి. ఆదివారం పొద్దున గృహప్రవేశం, మధ్యాహ్నం బట్టలు, సాయంత్రం పాప ప్రాజెక్టు చార్టు. మా వారంలో అన్నిటికన్నా నిండుగా ఉండే రెండు రోజులకు అన్నిటికన్నా చిన్న గడి!

రెండోది, గంటలు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి సాయంత్రం ఆరుకో ఏడుకో గీతలు ఆపేస్తారు. అమెరికా తూర్పు తీరంలో తొమ్మిదింటి మీటింగు చలికాలంలో మనకు రాత్రి ఏడున్నర. వాళ్లు గడియారం ముందుకు జరిపితే ఆరున్నర. ఈ 2026లో వాళ్లు మార్చి 8న ముందుకు జరిపారు, నవంబరు 1న వెనక్కి జరుపుతారు. బ్రిటన్‌ది వేరే లెక్క, మార్చి 29, అక్టోబరు 25. ఈ నాలుగు తేదీల దగ్గర మా ఇళ్లల్లో వంట వేళ మారిపోతుంది, పాపను ట్యూషన్ నుంచి తెచ్చే మనిషి మారుతుంది. నేను చూసిన ఏ ప్లానర్‌లోనూ ఈ తేదీలు లేవు. విదేశీ నమూనా నుంచి యథాతథంగా దింపిన వాటిలో అమెరికా పండుగలు మాత్రం ఉంటాయి. బోనాలు, బతుకమ్మ, జూన్ 2 తెలంగాణ అవతరణ దినం ఉండవు.

ఇంకొకటి. క్లయింట్లు వారాన్ని నంబరుతో పిలుస్తారు, ముప్పై ఏడో వారం డెలివరీ అంటారు. అంతర్జాతీయ పద్ధతిలో లెక్కపెడితే గురువారంతో మొదలైన ఈ 2026కు 53 వారాలు. నేను తెప్పించిన ప్లానర్‌లో 52 వారాలకే పేజీలున్నాయి.

మూడోది నాకు చాలా ముఖ్యమైనది. తెలుగు రాత. ఇంటి పనులు నేను తెలుగులోనే రాసుకుంటాను, అత్తమ్మ చదవాలి కదా. ఇంగ్లీషు అక్షరానికి గీత మీద చోటుంటే చాలు. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు. "లక్ష్మక్క చీటీ" అని రాస్తే క్ష కింద మకారం ఒత్తు కింది గీత దాటి వెళ్తుంది. ఆ కింది వరుసలో "రాష్ట్ర గ్రంథాలయం" అని రాస్తే దాని తలకట్టు దీని ఒత్తుకు తగులుకుంటుంది. గీతల మధ్య ఆరు మిల్లీమీటర్లు ఇచ్చి ఎక్కువ వరుసలు పట్టించామని గొప్పగా చెప్పుకునే ప్లానర్‌లో తెలుగు రాస్తే రెండో రోజుకే అలికేసినట్టు ఉంటుంది. తొమ్మిది మిల్లీమీటర్లు కావాలి. మా అత్తమ్మకు కళ్లద్దాలతోనైనా కనిపించాలంటే అంతకు తగ్గకూడదు.

కాగితం సంగతి రెండు మాటల్లో చెబుతాను. 70 జీఎస్‌ఎం చాలు, జెల్ పెన్ను సిరా వెనక్కి దిగకుండా ఉంటుంది. 54, 58 జీఎస్‌ఎం పలచటి కాగితంలో దిగుతుంది. 100 జీఎస్‌ఎం బరువే తప్ప వేరే లాభం లేదు. షాపులో చివరి పేజీ మీద మీ పెన్నుతో రాసి, తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పుస్తకం బల్ల మీద తెరిచిపెడితే దానంతట అది మూసుకుపోకూడదు. అందుకు స్పైరల్ గానీ కుట్టు గానీ ఉండాలి, గమ్ బైండింగు వద్దు.

చివరికి నేనే గీసుకున్నాను. ఏ5 సైజు. ఎడమ పేజీలో ఏడు రోజులకు ఏడు సమానమైన గడులు, ఒక్కోటి 27 మిల్లీమీటర్లు, అందులో మూడు వరుసలు. ఆదివారానికీ సోమవారంతో సమానంగా. గంటలు అచ్చు వేయలేదు. కుడి పేజీ మూడు భాగాలు: ఆఫీసు, ఇల్లు, డబ్బు. పైన వారం నంబరు, షిఫ్టు, ఆన్‌కాల్ ఎవరో రాసుకోవడానికి ఒక గీత. తేదీలు అచ్చులో లేవు, చేత్తో వేసుకోవాలి. అలా వేసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. దానివల్ల జూన్‌లో చేరినవాళ్లు కూడా జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు, ఐదు నెలల పేజీలు వృథా కావు.

53 వారాలకు రెండేసి పేజీలంటే 106. మొదటి పేజీ ఏడాది సెలవులకు, చివరి పేజీ గడియారాలు మారే తేదీలకు. మొత్తం 108. ఏ4 కాగితాన్ని సగం చేసి రెండు వైపులా వేస్తే నాలుగు పేజీలు, అంటే 27 కాగితాలకు సరిగ్గా సరిపోయింది. అది చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఒక మనిషి ఏడాదంతా 27 కాగితాలు!

ఆ ఫైలు పట్టుకుని మళ్లీ అమీర్‌పేటకే వెళ్లాను. పందొమ్మిదేళ్ల కిందట కోర్సు మెటీరియల్ స్పైరల్ చేయించుకున్న షాపు లాంటిదే ఒక జిరాక్స్ షాపు. ప్రింటు, కత్తిరింపు, పైన ప్లాస్టిక్ షీటు, కింద అట్ట, స్పైరల్, అన్నీ కలిపి 140 రూపాయలు. ఒక్క పుస్తకానికి ఆ ధర. వేలల్లో ఆఫ్‌సెట్ మీద వేస్తే ఎంతకు దిగుతుందో మీ పర్చేజ్ విభాగానికి నేను చెప్పనక్కర్లేదు.

ఇక లెక్కలు మీ వైపు నుంచి చూద్దాం. రోజుకో పేజీ అంటే 365 పేజీలు, అదే ఏ4 లెక్కన 92 కాగితాలు. ఐదు వేల మంది ఉన్న కంపెనీలో మనిషికి 65 కాగితాలు మిగిలితే 3,25,000 కాగితాలు, 650 రీములు. 70 జీఎస్‌ఎం మీద తూస్తే సుమారు 1.4 టన్నులు. అట్టల బరువు ఇందులో కలపలేదు. పన్ను సంగతి కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కుల మీద జీఎస్టీ లేదు, డైరీల మీద మాత్రం 18 శాతం ఉంది. కానుకగా పంచిన వస్తువుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదని మీ అకౌంట్స్ వాళ్లకు తెలిసిందే. 300 రూపాయల డైరీ ఇస్తే మరో 54 రూపాయలు తిరిగిరాని సొమ్ము. ధర సగానికి దిగితే ఆ పన్నూ సగమవుతుంది, మిగిలిన డబ్బుతో మరో మనిషికి ఒక పుస్తకం వస్తుంది.

ఆ మరో మనిషి ఎవరో చెప్పాలి.

మా ఫ్లోరులో హౌస్‌కీపింగ్ చేసే అక్క ఒకరున్నారు. ఏజెన్సీ కింద పనిచేస్తారు. వాళ్ల రోస్టరు ప్రతి శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఫోటోగా పడుతుంది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో. అక్కకు తెలుగు చదవడం వచ్చు. ఒక శుక్రవారం ప్యాంట్రీ దగ్గర ఫోను నా ముందు పెట్టి, "అమ్మా, ఈ వారం నాకు ఆఫ్ ఏ రోజు పడ్డదో జర చెప్పవా" అన్నారు. ఫోటో పెద్దది చేసి చూసి, ఒక తెల్లకాగితం తీసుకుని ఏడు గీతలు గీసి, సోమ, మంగళ, బుధ అని తెలుగులో రాసి, షిఫ్టు వేళలు వేసి, ఆఫ్ రోజు చుట్టూ సున్నా చుట్టి ఇచ్చాను. ఆ కాగితం మడిచి బ్యాడ్జి కవరులో పెట్టుకున్నారు. మరుసటి శుక్రవారం ఆ కాగితమే తెచ్చి, అందులో కొడుకు హాస్టల్‌కు వెళ్లాల్సిన రోజు, గ్రూపు లోను కట్టిన రోజు తన చేత్తో రాసి చూపించారు. అక్షరాలు కొంచెం వంకర, అంకెలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మేమిద్దరం ఒక అర పేజీ గీస్తున్నాం.

కొత్త సంవత్సరం డైరీలు పంచేటప్పుడు కంపెనీ ఉద్యోగులకే ఇస్తారు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్లు, క్యాంటీన్ వాళ్లు వెండార్ లెక్కలోకి వస్తారు కాబట్టి వాళ్లకు అందవు. మా డెస్కుల మీద మిగిలినవి ఫిబ్రవరిలో వాళ్లకు ఇస్తుంటాం. వారం వారం షిఫ్టు మారేది వాళ్లకు, ఆఫ్ రోజు మారేది వాళ్లకు, ఒక్కరోజు తప్పితే జీతం కోత పడేదీ వాళ్లకే. మాకు ఇష్టమైతే 600 పెట్టి కొనుక్కోగలం. అక్క ఆ డబ్బు ప్లానర్ మీద పెట్టమంటే పెట్టగలరా? వారపు పుస్తకం చవగ్గా ఉండాలని నేను పట్టుబట్టేది ముఖ్యంగా ఇందుకే.

కాబట్టి ఈసారి ఆర్డరు పెట్టేముందు డైరీ కావాలా, వారపు ప్లానర్ కావాలా అని ఉద్యోగులను ఒక్క మెయిల్‌తో అడగండి. రోజుకో పేజీ ఇష్టపడేవాళ్లుంటారు, వాళ్లకు అదే ఇవ్వండి. ప్లానర్ వేస్తే తేదీలు లేకుండా, తెలుగు రాతకు తగ్గ ఎడంతో వేయించండి. లోగో అట్ట మీద ఉండనీయండి, లోపలి పేజీల్లో వద్దు. ఉద్యోగం మారినా, పోయినా ఆ పుస్తకం ఆ మనిషి సంచిలోనే ఉండాలి, పాత కంపెనీ పేరు ప్రతి వారం ఎదురుపడకూడదు. ఓడీసీలోకి కాగితం, పెన్ను వెళ్లకూడదని క్లయింటుతో ఒప్పందం ఉన్నచోట ఆ రూలు మార్చమని నేను అడగను. లాకరులో ఫోను పక్కన ఏ5 పుస్తకం పట్టే చోటు ఇవ్వండి, చాలు. వారపు పుస్తకాన్ని పొద్దున ఒకసారి, ఇంటికి వెళ్లేముందు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

అచ్చు మన ఊళ్లోనే వేయించండి. పెళ్లిపత్రికలకు పేరుపడ్డ ఛత్తాబజార్‌లో ఒక ప్రెస్సు పెద్దాయనతో మాట్లాడాను. పెళ్లిళ్ల కాలంలో ఊపిరాడదు గానీ, ఆషాఢం వచ్చి ముహూర్తాలు లేకపోతే మిషన్లు ఖాళీగా ఉంటాయని, అప్పుడిచ్చే ఆర్డరుకు ధర తగ్గించి వేస్తామని అన్నారు. తేదీలు లేని పుస్తకాన్ని డిసెంబరు దాకా ఆగి వేయాల్సిన పనే లేదు కదా. కాగితానికీ దూరం పోనక్కర్లేదు. 1938లో మొదలై, 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకున్న సిర్పూర్ మిల్లు కాగజ్‌నగర్‌లో ఉంది. గోదావరి ఒడ్డున సారపాకలో ఐటీసీ మిల్లు ఉంది.

కొత్తది అచ్చువేసేలోగా ఖర్చు లేని పని ఒకటుంది. 2021 జనవరి 1 శుక్రవారం. రాబోయే 2027 జనవరి 1 కూడా శుక్రవారమే. రెండూ లీపు సంవత్సరాలు కావు, కాబట్టి 2021 డైరీలో తేదీలూ వారాలూ 2027కు అచ్చంగా సరిపోతాయి. మారేవి పండుగలు మాత్రమే. 2021లో మనమంతా ఇళ్ల నుంచి పనిచేశాం, ఆ ఏడాది డైరీలు మా ఆఫీసు స్టోరులో పెట్టెలు విప్పకుండానే ఉండిపోయాయి. మీ స్టోరుల్లో కూడా ఉంటే బయటికి తీయించండి. మొదటి పేజీలో 2027 పండుగల జాబితా ఒక కాగితం అంటించి, కావాలన్నవాళ్లకు ఇవ్వండి. రోజుకో పేజీ అయినా తుక్కు కింద పోవడం కన్నా నయం. క్యాబ్ డ్రైవర్లకు ట్రిప్పులు రాసుకోవడానికి ఆ పెద్ద పేజీ బాగా పనికొస్తుంది, మా ఆయన ఆఫీసుకు వెళ్లే క్యాబ్‌లో ముందు అద్దం కింద అలాంటిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

నేను గీసిన 27 కాగితాల ఫైలు నా దగ్గర ఉంది. అందులో ఎవరి లోగో లేదు, నా పేరూ లేదు. హైసియా ఆఫీసుకు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి ఇస్తాను. సభ్య కంపెనీలకు పంచండి. అయ్యప్ప సొసైటీ హాస్టళ్ల పక్కన జిరాక్స్ షాపుల్లో కూడా ఒక కాపీ ఉంచితే, కంపెనీ ఇవ్వని వాళ్లు, కొత్తగా ఊరికి వచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు తామే వేయించుకుంటారు. గడులు మార్చుకోవాలంటే మార్చుకోనీయండి. రాత్రి షిఫ్టు వాళ్లకు రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్లకే బాగా తెలుసు.

ఇవాళ ఆదివారం. భోజనాల బల్ల మీద వచ్చే వారం పేజీ తెరిచి పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. బుధవారం గడిలో అమ్మ కంటి సూది, పొద్దున పదిన్నరకు. ఆ తేదీ హనుమకొండ వంటింటి గోడ మీద కూడా పెన్సిల్‌తో ఉంది, నిన్న ఫోనులో అడిగి సరిచూసుకున్నాను. శుక్రవారం టైమ్‌షీటు. శనివారం రాత్రి రిలీజు, ఆయనకు పగటి షిఫ్టు, పాపను డ్యాన్సు క్లాసుకు ఆయనే తీసుకెళ్తారు. అక్కకు ఆ వారం ఆఫ్ గురువారం పడింది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

మాదాపూర్‌లో పనిచేసే ఒక టెస్ట్ లీడ్
నిజాంపేట, హైదరాబాద్